ఇంజన్ మొరాయిస్తున్న పాత కారు: రిపేరా, అమ్మకమా?

సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందంటే ఇంజన్ ఆయిల్ మండుతోందన్నమాట. ముందు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష) చేయించండి. తప్పు వాల్వ్ సీల్స్ (వాల్వుల దగ్గర ఆయిల్ లోపలికి కారకుండా ఆపే చిన్న సీళ్లు) వరకే అయితే రిపేరే నయం. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, పిస్టన్ ఆడే బోరు అరిగితే మాత్రం ఇంజన్ మొత్తం విప్పాలి. అప్పుడు బిల్లు మెకానిక్ మొదట చెప్పిన అంకె దగ్గర ఆగడం అరుదు.

బండి వయసూ చూడాలి. సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లే. ఆపైన ఫిట్‌నెస్ చూపించి 5 ఏళ్లకోసారి రెన్యువల్. 14వ ఏట ఇంజన్ మీద డబ్బు పోయడం నాకైతే నచ్చదు. తుప్పు పట్టని ఎనిమిదేళ్ల బండైతే బాగుచేయించి వాడుకుంటాను.

అమ్మేటప్పుడు లోపం దాచొద్దు, కొనేవాళ్ల మెకానిక్ ఎలాగూ పట్టేస్తాడు. ధర తగ్గినా రిపేర్ల టెన్షన్ ఉండదు. కానీ ఆర్టీవో ఆఫీసులో ఓనర్ మార్పిడికి ఫారం 29, 30 ఇచ్చి ఆర్‌సీలో పేరు మారేదాకా చలాన్లు మీకే వస్తాయి.