నీల్ గౌ ఊళ్ళో రెండు రాత్రులు

మా విజయనగరంలో పెద్దవాళ్ళు వయొలిన్‌ని ఫిడేలనే అంటారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు మాకు ఫిడేలు నాయుడుగారే. నేను నేర్చుకున్నదీ ఆ వాద్యమే కాబట్టి, ఎడిన్‌బరోలో అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు కోట కంటే ముందు నాకు గుర్తొచ్చింది డంకెల్డ్. స్కాట్లాండ్ ఫిడేలు విద్వాంసుడు నీల్ గౌ ఊరది.

నీల్ గౌ 1727లో పుట్టాడు. మొదట నేతపని చేశాడు, తర్వాత అథోల్ డ్యూకుల ఆదరణలో స్కాట్లాండ్ అంతటికీ పేరున్న ఫిడేలు విద్వాంసుడయ్యాడు. 1768లో మార్గరెట్ అర్కర్ట్‌ని రెండో పెళ్ళి చేసుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళకు పైగా కాపురం. 1805లో ఆవిడ పోయింది. ఆ దుఃఖంలో కొన్నాళ్ళు ఫిడేలు ముట్టలేదనీ, మళ్ళీ ముట్టినప్పుడు ఒక పాట వచ్చిందనీ చెప్పుకుంటారు. ‘నీల్ గౌస్ లామెంట్ ఫర్ ద డెత్ ఆఫ్ హిజ్ సెకండ్ వైఫ్’ అని దాని పేరు, అంటే రెండో భార్య పోయినందుకు నీల్ గౌ విలాపం. 1807లో ఆయనా పోయాడు. పాట 1809లో గౌ కుటుంబం వేసిన అయిదో సంపుటంలో అచ్చయింది.

ఎడిన్‌బరో నుంచి రైల్లో గంటన్నర పైన పడుతుంది. స్టేషన్ బర్నమ్ వైపు ఉంది. డంకెల్డ్‌కి వెళ్ళాలంటే టే నది దాటాలి. వంతెన ఇంజనీరు టెల్ఫోర్డ్ కట్టించింది, అదీ 1809లోనే పూర్తయింది. మాకు స్టేషన్ దగ్గర టాక్సీ దొరకలేదు. పెట్టెలు ఈడ్చుకుంటూ నడిచాం. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు టాక్సీ ముందురోజే మాట్లాడుకోవాలి.

బస మాత్రం నిరాశే. నది కనిపించే గది అని డబ్బు ఎక్కువ కట్టాం, కిటికీ తీస్తే వెనక పెరడు, చెత్తడబ్బాలు. హీటర్ సాయంత్రం ఆరు దాకా వెయ్యరట. శాకాహారమని ముందే రాసినా, పొద్దున టిఫిన్‌కి టోస్టూ పుట్టగొడుగులే. రెండోరోజు మాత్రం అడిగితే ఓట్స్ జావ వేడివేడిగా చేసి పెట్టారు. నన్నడిగితే డంకెల్డ్ నడిబొడ్డున కంటే బర్నమ్‌లో దిగడం మేలు. రైలూ దగ్గరే, నది ఒడ్డు బాటా దగ్గరే.

పక్కనే ఉన్న ఇన్వర్‌కి ఆ బాట మీదుగా నడిచే వెళ్ళాం. నీల్ గౌ ఉన్న ఇల్లు అక్కడ ఇప్పటికీ ఉంది. అందులో ఎవరో కాపురముంటున్నారు, రోడ్డు మీంచి చూసి వచ్చేయాలి. అసలు చూడాల్సింది టే ఒడ్డున ఉన్న ఓక్ చెట్టు. నీల్ గౌ ఓక్ అంటారు. దాని కింద కూర్చుని ఆయన పాటలు కట్టేవాడని అక్కడివాళ్ళ నమ్మకం. మొదలు చుట్టూ పచ్చటి నాచు, చెయ్యి వేస్తే తడి బట్టలా చల్లగా ఉంది. టికెట్టూ లేదు, జనమూ లేరు. దగ్గర్లోనే ఉన్న హెర్మిటేజ్ జలపాతం దగ్గర పొద్దున్నే జనం, పార్కింగ్ గొడవ. దానికి ఒక్క గంట చాలు. ఈ చెట్టు కింద పూట గడపొచ్చు.

లిటిల్ డంకెల్డ్ చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉంది. తీరికుంటే రైల్లో ఉత్తరానికి బ్లెయిర్ అథోల్ దాకా వెళ్ళండి. బ్లెయిర్ కోటలో ఆయన ఫిడేలు పెట్టారు. టికెట్ ఖరీదే, అయినా ఆ ఒక్క వాద్యం కోసం నాకు బాధనిపించలేదు. చలికాలంలో కోట మూసేస్తారు, తేదీలు చూసుకోవాలి.

రాత్రి పబ్‌లో బల్ల చుట్టూ ఆరుగురు వాయించుకుంటున్నారు. వేదిక లేదు, మైకు లేదు. నేను సంకోచిస్తూనే నీల్ గౌ విలాపం పాట అడిగాను. ఒక ముసలాయన కమాను ఎత్తాడు. నేను కరుణరసం కోసం, పాశ్చాత్య సంగీతంలో దుఃఖానికి ఎక్కువగా వాడే మైనర్ స్వరాల్ని ఎదురుచూశాను. కానీ వచ్చింది మేజర్, మన శంకరాభరణం స్వరాలు! ఎక్కడా ఏడుపు లేదు. కమాను నెమ్మదిగా చివరిదాకా వెళ్తుంది, పై స్వరం మీద కాస్త నిలుస్తుంది, దిగుతుంది. మా ఆవిడ నా చెవిలో, “ఏమండీ, ఇది పోయినావిడ గురించి కాదు, ఉన్నన్నాళ్ళ గురించి” అంది. ముప్ఫయి రెండేళ్ళయింది మాకు పెళ్ళయి. నేనేమీ మాట్లాడలేకపోయాను.

తర్వాత ఆయన తన ఫిడేలు నా చేతికిచ్చాడు. నేల మీద కూర్చుని, ఫిడేలు తల పాదం మీద ఆనించి వాయించే అలవాటు నాది. కుర్చీలో భుజం మీద పెట్టుకోవడమే కష్టమైంది. రెండు పంక్తులు వాయించాను. చెయ్యి తెలియకుండానే స్వరాన్ని ఊపి గమకం వేసింది. ఆయన నా వేలి మీద వేలు మెల్లగా ఆనించి, ఊపకుండా ఉంచమన్నట్టు తల ఊపాడు. స్వరం తిన్నగా నిలిచింది.

ఇంటికొచ్చాక రోజూ సాయంత్రం ఈ పాటే సాధన. మూడో వేలు ఇంకా ఊగుతూనే ఉంది.