టేక్‌హోమ్ అసైన్‌మెంటా, ఎదుట చేయించే పనా, స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూనా: ఏది మేలు?

ఉద్యోగాలకు అభ్యర్థుల్ని ఎంపిక చేసే హెచ్‌ఆర్ వాళ్లు, టీమ్ మేనేజర్లు ఈమధ్య పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది: "అసైన్‌మెంట్ ఇస్తే అందరూ చాట్‌జీపీటీతో చేసి పంపుతున్నారు. ఆ రౌండ్ ఉంచాలా, తీసేయాలా?" చాట్‌జీపీటీ వచ్చిన 2022 నవంబరుకు ముందు కూడా స్నేహితుల చేత చేయించి పంపేవాళ్లు లేకపోలేదు. కాకపోతే వాళ్లు కొద్దిమందే. ఇప్పుడు వచ్చిన ఫైళ్లు వరసగా తెరిస్తే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అవే ఉపశీర్షికలు, అదే ముగింపు, ఎక్కడా అక్షర దోషం ఉండదు.

పట్టుకునే సాఫ్ట్‌వేర్ కొందామనేది చాలామందికి ముందుగా తట్టే ఆలోచన. ఆ డబ్బు దండగ. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే ఏఐ రాతను గుర్తించే సాధనాన్ని 2023 జనవరిలో విడుదల చేసి, కచ్చితత్వం చాలడం లేదంటూ అదే ఏడాది జూలైలో వెనక్కి తీసుకుంది. పైగా ఇలాంటివి ఒక్కోసారి సొంతంగా రాసినవాళ్లనూ దొంగల జాబితాలో వేస్తాయి. అసలు చూడాల్సింది వేరే ఉంది: మనం మార్కులు దేనికి వేస్తున్నాం? చేతికొచ్చిన ఫైలుకా, దాని వెనక అభ్యర్థి తీసుకున్న నిర్ణయాలకా? మూడు పద్ధతుల్నీ ఈ ఒక్క ప్రశ్నతో కొలిస్తే తేడా తేలిపోతుంది.

ఇంటి దగ్గర చేసి పంపే టేక్‌హోమ్‌లో మంచి లేదని కాదు. ఎవరైనా పక్కన కూర్చుంటే చేతులు ఆడనివాళ్లకు అది ఊరట. టీమంతా తలో చోట నుంచి రాతపూర్వకంగా పనిచేసే సంస్థల్లో అసలు పనికి దగ్గరగానూ ఉంటుంది. అయితే "మూడు గంటల పని" అని ఇస్తే, ఖాళీ ఉన్నవాళ్లు రెండు రోజులు కూర్చుంటారు. ఉద్యోగం చేస్తూ, ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్లు మధ్యలోనే మానుకుంటారు. ఉంచాలనుకుంటే రెండు గంటలకు మించనివ్వకండి, మీ సంస్థ వాడుకునే పనిని అసైన్‌మెంట్‌గా ఇవ్వకండి. పంపాక 20 నిమిషాల సంభాషణ తప్పనిసరి. అందులో ఒక షరతు మార్చి అడగండి: "బడ్జెట్ సగమైతే ఇందులో ముందు ఏది తీసేస్తారు, ఎందుకు?" తానే ఆలోచించి చేసినవాళ్లు వెంటనే ఒకటి తీసేసి, దానివల్ల వచ్చే నష్టం కూడా చెబుతారు. మార్కులు ఈ సంభాషణకే వేయండి, ఫైలుకు కాదు.

అందరినీ అవే ప్రశ్నలడిగి, ముందే రాసిపెట్టుకున్న కొలతతో మార్కులు వేసే స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ బలం అంకెల్లోనే ఉంది. ఎంపిక పద్ధతిలో వచ్చిన మార్కులకూ, తర్వాతి పనితీరుకూ ఎంత పొంతన ఉందో (0 అంటే పొంతనే లేదు, 1 అంటే పూర్తి పొంతన) లెక్కగట్టిన మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ శాకెట్ బృందం 2022 విశ్లేషణలో దానికి 0.42 వచ్చింది. తోచిన ప్రశ్నలడిగే మామూలు ఇంటర్వ్యూకు 0.19, పని చేయించి చూసే పరీక్షకు 0.33. అనుభవం ఎన్నేళ్లన్నదానికి 0.1 కూడా రాలేదు. రెజ్యుమెలో చాలామంది ముందుగా చూసేది మాత్రం అదే!

చిక్కేమిటంటే, అందరినీ ఒకే ప్రశ్నలడిగితే చాలు స్ట్రక్చర్డ్ అయిపోయిందనుకుంటారు. స్కోర్‌షీట్ లేకపోతే అది మామూలు ఇంటర్వ్యూనే. ఇంటర్వ్యూలు మొదలుకాకముందే ప్రతి ప్రశ్నకూ ఎలాంటి జవాబుకు 1, ఎలాంటిదానికి 3, ఎలాంటిదానికి 5 అని రాసిపెట్టాలి. ఉదాహరణకు "గడువు తప్పేలా ఉందని తెలిసినప్పుడు ఏం చేశారు?" అనే ప్రశ్నకు: ఎక్కువ గంటలు పనిచేశానంటే 1, మేనేజర్‌కు చెప్పానంటే 3, గడువుకు ముందే చెప్పి ఏ భాగం వాయిదా వేయొచ్చో కూడా సూచించానంటే 5. ప్యానెల్‌లో ఎవరి మార్కులు వాళ్లు రాసుకున్నాకే నోరు విప్పాలి. లేకపోతే సీనియర్ "కుర్రాడు బాగున్నాడండీ" అనగానే మిగతావాళ్ల పెన్నులు అటే తిరుగుతాయి.

వీడియో ఇంటర్వ్యూల్లో ఇంకో తలనొప్పి, రెండో స్క్రీన్ చూసి జవాబు చదవడం. కళ్లు ఎటు తిరిగాయో కనిపెట్టే పని పెట్టుకోకండి. వెంటనే అడగాల్సిన ప్రశ్నలు కూడా ముందే రాసుకుని అందరినీ అవే అడగండి: "ఆ రోజు మీ మాటకు అడ్డు చెప్పిందెవరు? ఏమన్నారు? మీరు వెనక్కి తగ్గిందెక్కడ?" చదివే జవాబు ఇక్కడికొచ్చేసరికి పలచబడుతుంది.

ఎదుట చేయించే పనికి 0.33 వచ్చినా దాన్ని నేను వదులుకోను. ఆ అంకెలు ఏఐ వాడకం పెరగకముందు జరిగిన పరిశోధనలవి. ఇప్పటి చాలా ఉద్యోగాల్లో యంత్రం రాసిచ్చినదాన్ని సరిచూడటం కూడా ఉంటోంది కాబట్టి, పరీక్ష కూడా అదే కావాలి. కస్టమర్ సపోర్ట్ ఉద్యోగమే తీసుకోండి. ఒక ఫిర్యాదు, ఒక పేజీ రిఫండ్ నియమాలు, ఏఐ రాసిన జవాబు ముసాయిదా ఇవ్వండి. ముసాయిదాలో మూడు తప్పులుంచండి. రిఫండ్ గడువు నియమంలో 14 రోజులైతే 30 అని ఉండాలి. నియమాల్లో లేని హామీ ఒకటి ఉండాలి. కస్టమర్ అడిగిన రెండు ప్రశ్నల్లో రెండోదానికి జవాబే ఉండకూడదు. చదవడానికి 10 నిమిషాలు, సరిచేయడానికి 25, మాట్లాడటానికి 15. ఏఐ వాడుకోనివ్వండి. భాషకు నగిషీలు చెక్కుతూ హామీని అలాగే వదిలేసేవాళ్లు, ముందు నియమాల పేజీ తెరిచేవాళ్లు పది నిమిషాల్లో విడివిడిగా కనిపిస్తారు.

ఇదీ చెడిపోయే చోట్లున్నాయి. మీ సంస్థలోవాళ్లకే తెలిసిన విషయం మీద పని ఇస్తే పరీక్షించింది నైపుణ్యాన్ని కాదు, లోపలి సమాచారాన్ని. ముందు మీ ఉద్యోగి ఒకరి చేత చేయించి చూడండి. అతనికి 15 నిమిషాలు పడితే అభ్యర్థికి 25 ఇవ్వండి. ప్రశ్న బయటికి పొక్కుతుంది, అంచేత ఒకే స్థాయివి మూడు సెట్లు ఉంచుకోండి. చేస్తున్నంతసేపూ పక్కన నిలబడకండి.

రెజ్యుమెలను ఏరే సాఫ్ట్‌వేర్ దరఖాస్తులను వరసలో పెట్టడానికైతే సరే, తిరస్కరించే పని దానికి అప్పగించకండి. జీతమిచ్చి వారం రోజులు పనిచేయించి చూడటం బాగానే ఉంటుంది గానీ, వేరేచోట ఉద్యోగంలో ఉన్నవాళ్లు రాలేరు.

ఒక్క రౌండుకే వీలుంటే స్కోర్‌షీట్‌తో స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ పెట్టండి. రెండు రౌండ్లకు వీలుంటే ముందు ఎదుట చేయించే పని, తర్వాత ఇంటర్వ్యూ. ఈ వరసైతే పనిలో తేలిన అనుమానాన్ని ఇంటర్వ్యూలో తీర్చుకోవచ్చు. ఏ రౌండులో ఏఐ వాడొచ్చో, ఏ రౌండులో వాడకూడదో పిలుపు మెయిల్‌లోనే ఒక్క వాక్యంలో రాయండి. అది రాయకుండా, వాడారని తర్వాత మార్కులు కోయడం అన్యాయం.