ఇంట్లో రోయింగ్ మెషీన్: ఏళ్ల తరబడి వాడిన తర్వాత ఒక సమీక్ష

పడవలో తెడ్డు వేస్తున్నట్లు, జరిగే సీటు మీద కూర్చుని హ్యాండిల్ లాగే వ్యాయామ యంత్రమే రోయింగ్ మెషీన్. కాన్సెప్ట్ టూ సంస్థ తయారుచేసిన మోడల్ డి రోయింగ్ మెషీన్ హైదరాబాద్‌లోని మా ఇంట్లో ఆరేళ్లకు పైగా వాడకంలో ఉంది. ఇదే యంత్రాన్ని 2021 నుంచి రోఎర్గ్ అనే పేరుతో అమ్ముతున్నారు కాబట్టి ఇక్కడ రాసినదంతా కొత్తగా కొనేవారికీ వర్తిస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంట్లో పెట్టుకునే వ్యాయామ పరికరాలలో మన శ్రమకు ఇంత నిక్కచ్చిగా లెక్క చెప్పేది మరొకటి నేను చూడలేదు. ఆ లెక్కను దగ్గర పెట్టుకుని నెమ్మదిగా, ఎక్కువసేపు సాధన చేసేవారికి ఇది ఆరోగ్యాన్నీ ఇస్తుంది, వేగాన్నీ ఇస్తుంది. తొందరపడి బలమంతా పెట్టి లాగేవారికి మాత్రం నడుము నొప్పి మిగిలే అవకాశం ఉంది.

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన ఈ సంస్థను డిక్, పీట్ డ్రైసిగాకర్ అనే సోదరులు 1976లో పందెపు పడవలకు తెడ్లు తయారుచేయడం కోసం స్థాపించారు. చలికాలంలో నదులు గడ్డకట్టే ప్రాంతంలో పడవ పందెగాళ్లు ఇంటి లోపల సాధన చేయడానికి పనికొచ్చేలా 1981లో మొదటి యంత్రాన్ని తెచ్చారు. దాని మూలసూత్రం ఇప్పటికీ మారలేదు. హ్యాండిల్‌కు కట్టిన గొలుసును లాగితే రెక్కలున్న ఒక చక్రం గాలిలో తిరుగుతుంది, ఆ గాలే మనకు ఎదురు నిలుస్తుంది. ఎంత గట్టిగా లాగితే గాలి అంత గట్టిగా ఎదురొస్తుంది కాబట్టి పదేళ్ల పిల్లవాడికీ ఒలింపిక్ క్రీడాకారుడికీ యంత్రం ఒక్కటే చాలు. గోడ ప్లగ్గు అవసరం లేదు, లెక్కలు చూపే చిన్న తెర అయిన మానిటర్‌కు రెండు పెద్ద బ్యాటరీలు వేస్తే సరిపోతుంది.

కొత్తగా వాడేవారు అందరికంటే ఎక్కువగా అపార్థం చేసుకునేది డ్యాంపర్ అనే లివర్‌ను. చక్రాన్ని కప్పిన గూటి పక్కన 1 నుంచి 10 వరకు అంకెలతో ఇది ఉంటుంది. జిమ్ములో చాలామంది దానిని నేరుగా 10కి తోసేస్తారు, అంకె పెరిగితే వ్యాయామం పెరుగుతుందని నమ్ముతారు. నిజానికి ఆ లివర్ గూటిలోకి ఎంత గాలి వెళ్లాలో నిర్ణయిస్తుంది, అంతే. గాలి ఎక్కువగా వెళ్లినప్పుడు రెండు స్ట్రోక్‌ల మధ్య (ఒకసారి లాగి తిరిగి ముందుకు రావడం ఒక స్ట్రోక్) చక్రం త్వరగా నెమ్మదిస్తుంది, తిరిగి దానిని వేగంలోకి తేవడానికి ఎక్కువ బలం పెట్టాలి. బరువైన పాత పడవను నడుపుతున్నట్లు ఉంటుంది. లివర్‌ను 3కో 4కో తగ్గిస్తే సన్నని పందెపు పడవ తీరు వస్తుంది, అక్కడ చురుకైన కాళ్లకే విలువ.

ఈ తేడాను మానిటర్ సరిచేసుకునే పద్ధతి నాకు చాలా ఇష్టం. మనం సీటు మీద ముందుకు జరిగే సమయంలో చక్రం ఎంత త్వరగా నెమ్మదిస్తోందో అది ప్రతి స్ట్రోక్‌లోనూ కొలిచి, దాని నుంచి డ్రాగ్ ఫ్యాక్టర్ అనే సంఖ్యను రాబడుతుంది. మనం పెట్టిన శక్తినీ, పడవ సాగిన దూరాన్నీ ఆ సంఖ్య ఆధారంగానే లెక్కకడుతుంది. అందువల్ల లివర్ ఎక్కడున్నా ఫలితం తారుమారు కాదు. విశాఖలో లాగిన 2000 మీటర్లను పుణెలోని సైనిక రోయింగ్ కేంద్రంలో లాగిన 2000 మీటర్ల పక్కన పెట్టి పోల్చవచ్చు. సముద్రమట్టానికి అర కిలోమీటరుకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో గాలి కొంచెం పలుచన, మే నెల వేడికి అది మరికాస్త పలుచబడుతుంది, చక్రం గూటికి ఉన్న జాలీకి దుమ్ము పట్టినా లోపలికి వెళ్లే గాలి తగ్గుతుంది. వీటన్నిటి వల్ల అదే లివర్ అంకెకు డ్రాగ్ ఫ్యాక్టర్ మారుతూ ఉంటుంది కనుక నేను లివర్ అంకెను చూడను. మానిటర్‌లో డ్రాగ్ ఫ్యాక్టర్ 115, 125 మధ్య ఉండేలా సరిచూసుకుని మొదలుపెడతాను.

మానిటర్ చూపే వాటిలో నాకు ఉపయోగపడేది 500 మీటర్లకు పట్టే సమయం. నీటి మీద పడవకు ఉన్నట్లే ఇక్కడా వేగం పెరిగేకొద్దీ కావలసిన శక్తి దాని ఘనంతో పెరుగుతుంది. 500 మీటర్లకు 2 నిమిషాల 30 సెకన్లు పట్టే వేగానికి సుమారు 104 వాట్లు చాలు. 2 నిమిషాల 15 సెకన్లకు 142 వాట్లు కావాలి. సరిగ్గా 2 నిమిషాలకు దాదాపు 203 వాట్లు, అంటే ఇంచుమించు రెట్టింపు. 2018లో ఆస్ట్రేలియా రోయింగ్ క్రీడాకారుడు జోష్ డంక్లీ-స్మిత్ ఇలాంటి యంత్రం మీదే 2000 మీటర్లను 5 నిమిషాల 35.8 సెకన్లలో పూర్తిచేశాడు. ఆ అయిదున్నర నిమిషాల పాటు అతని సగటు 590 వాట్ల పైమాటే. ఒక్క సెకను తగ్గడానికి నెలలు ఎందుకు పడతాయో ఈ లెక్క తెలిస్తే అర్థమవుతుంది, నిరుత్సాహమూ తగ్గుతుంది.

నడుము విషయం కాస్త వివరంగా చెప్పాలి. రోయింగ్ చేసేవారికి అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఇబ్బంది నడుము కింది భాగంలోనే. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసేవారికి తొడ వెనుక కండరాలు బిగుసుకుని ఉంటాయి. అటువంటివారు హ్యాండిల్ కోసం ముందుకు వంగినప్పుడు తుంటి దగ్గర మడత పడవలసింది పోయి నడుము గుండ్రంగా వంగుతుంది, ఆ స్థితిలోనే బలమంతా పెట్టి లాగుతారు. ముందుకు వచ్చినప్పుడు మోకాలి కింది ఎముక నిటారుగా ఉండాలి, అంతకంటే ముందుకు పోకూడదు. లాగడం కాళ్లతో మొదలుకావాలి. కాళ్లు దాదాపు చాచిన తర్వాతే తుంటి నుంచి వీపు కొద్దిగా వెనక్కి వాలాలి, చివరగా చేతులు హ్యాండిల్‌ను పక్కటెముకల కిందికి తేవాలి. తిరిగి వెళ్లేటప్పుడు ముందు చేతులు, తర్వాత వీపు, ఆఖరున మోకాళ్లు. లాగడానికి పట్టిన సమయానికి తిరిగి వెళ్లడానికి సుమారు రెండింతలు తీసుకోవాలి. పాదాల పట్టీని కాలివేళ్ల మొదలు దగ్గర బిగించుకోవాలి, పాదం ఆనే పలకను కిందికి దించుకుంటే బిగుసుకున్న కండరాలున్నవారికి తేలికగా ఉంటుంది. అప్పుడప్పుడు పట్టీలు బిగించకుండా లాగి చూడండి. వీపును అతిగా వెనక్కి పడేస్తే పాదాలు పలక మీద నుంచి లేచిపోతాయి, తప్పు అక్కడికక్కడే తెలుస్తుంది. ఇరవై నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వేయడం కూడా నడుముకు చాలా మేలు చేస్తుంది.

సాధనలో నేను నమ్మిన పద్ధతి సాదా అయినదే. వారంలో నాలుగైదు రోజులు నలభై నిమిషాల నుంచి గంట వరకు, నిమిషానికి 18 నుంచి 20 స్ట్రోక్‌ల మించకుండా, పక్కవారితో పూర్తి వాక్యాలలో మాట్లాడగలిగే వేగంతో లాగుతాను. ఒక్క రోజు మాత్రం 500 మీటర్ల చొప్పున ఎనిమిది సార్లు, మధ్యలో మూడేసి నిమిషాల విశ్రాంతితో గట్టిగా లాగుతాను. 2000 మీటర్ల పందెం పొట్టిదిగా కనిపించినా దానికి కావలసిన శక్తిలో సింహభాగం ప్రాణవాయువును వాడుకునే మార్గంలోనే వస్తుంది, ఆ మార్గం బలపడేది ఈ నెమ్మది సాధనతోనే. గుండె నిమిషానికి 135 సార్లు కొట్టుకునే స్థాయిలో మొదట్లో నాకు 500 మీటర్లకు 2 నిమిషాల 35 సెకన్లు పట్టేది. ఇప్పుడు అదే గుండె వేగానికి 2 నిమిషాల 20 సెకన్లు పడుతోంది. అంటే 94 వాట్ల నుంచి సుమారు 128 వాట్లకు చేరాను, శ్రమ మాత్రం పెరగలేదు. ఆరోగ్యం మెరుగుపడిందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం నా దగ్గర లేదు, దీన్ని చూసుకున్నప్పుడల్లా కలిగే సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఈ యంత్రం మీద అది ఇబ్బంది లేకుండా పూర్తవుతుంది. తొడలు, పిరుదులు, వీపు వంటి పెద్ద కండరాలన్నీ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి రక్తంలోని చక్కెర బాగా ఖర్చవుతుంది. మధుమేహం ఎక్కువగా ఉన్న మన కుటుంబాలకు ఇది పెద్ద లాభం, అయితే ఇన్సులిన్ తీసుకునేవారు చక్కెర పడిపోకుండా వైద్యుని సలహాతోనే మొదలుపెట్టాలి. పాదాలు నేలకు కొట్టుకోవు కనుక మోకాళ్లకు దెబ్బ తగలదు, కానీ ఆ కారణంగానే ఎముకలకు శరీర బరువు మోసే వ్యాయామం అందదు. దానికోసం నడకను వదలకూడదు. మానిటర్ చూపే క్యాలరీలను కూడా ఉన్నవి ఉన్నట్లు నమ్మకండి. సుమారు 79 కిలోల మనిషిని ఊహించుకుని అది ఆ లెక్క వేస్తుంది, 55 కిలోలవారికి అంత ఖర్చు కాదు.

గాలితో నడిచే ఏ రోయింగ్ యంత్రానికైనా శబ్దం ఉంటుంది. తెల్లవారుజామున పక్కగదిలో నిద్రపోతున్నవారికి అది తెలుస్తుంది, కింద అంతస్తులో ఇంటివాళ్లుంటే మందపాటి రబ్బరు చాప వేయడం మర్యాద. పొడవు ఎనిమిది అడుగులు, కానీ పనిముట్లు లేకుండానే రెండు ముక్కలుగా విడదీసి మూలన నిలబెట్టవచ్చు. వేసవిలో సీలింగ్ ఫ్యాను ఒక్కటే చాలదు, ఎదురుగా బల్ల ఫ్యాను ఉంటే గుండె వేగం అదుపులో ఉంటుంది. సీటు నేలకు 14 అంగుళాల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవడం కష్టమైన పెద్దవారికి 20 అంగుళాల ఎత్తున్న నమూనాయే తగినది.

నిర్వహణ చాలా తక్కువ. సీటు జరిగే పట్టాను ప్రతిరోజూ తడిగుడ్డతో తుడవాలి, యాభై గంటల వాడకానికోసారి గొలుసుకు పలుచని మినరల్ ఆయిల్‌ను కాగితంతో పట్టించాలి. పాత యంత్రం కొనేవారు ముందు మానిటర్‌లో ఇప్పటివరకు లాగిన మొత్తం మీటర్లను చూడాలి. తర్వాత హ్యాండిల్‌ను వదిలితే గొలుసు చివరివరకు తనంతట తాను వెనక్కి వెళ్తోందో లేదో గమనించాలి. వెళ్లకపోతే లోపలి సాగే తాడు వదులైందన్నమాట, దానిని బిగించవచ్చు, మార్చవచ్చు. చివరగా లివర్‌ను 10కి పెట్టి డ్రాగ్ ఫ్యాక్టర్ చూడాలి. అది 200కు బాగా దిగువన ఉంటే జాలీ నిండా దుమ్ము పేరుకుందని అనుకోవచ్చు, గూడు విప్పి శుభ్రం చేస్తే మళ్లీ పైకి వస్తుంది.