స్కూల్‌కి సొంత పోలీసులా, సిటీ పోలీసులా, కౌన్సెలర్లా: టెక్సస్‌లో ఏది మేలు?

మా చిన్నది రెండో తరగతి. ఒకరోజు సాయంత్రం పెరుగన్నం తింటూ "లాక్స్, లైట్స్, అవుట్ ఆఫ్ సైట్" అని పాటలా పాడింది. ఏంటమ్మా అది అని అడిగితే, స్కూల్లోకి ఎవరైనా తుపాకీతో వస్తే తలుపు గడి పెట్టి, లైట్లు ఆర్పేసి, కిటికీలోంచి కనపడకుండా గోడ వారగా కూర్చోవాలట. "నేను అస్సలు దగ్గలేదు నాన్నా" అంది గర్వంగా. నాకు ముద్ద దిగలేదు.

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనే మనవాళ్లం ముందు స్కూల్ రేటింగ్ చూస్తాం. ఆ స్కూల్‌కి కాపలా ఎవరు, ఆ పోలీసు ఎవరికి జవాబు చెప్పుకోవాలి అని అడిగేవాళ్లు తక్కువ. నేనూ అడగలేదు. 2022లో టెక్సస్‌లోని ఉవాల్డే ఊరి స్కూల్లో కాల్పులు జరిగిన తర్వాతే ఈ సంగతులు తెలుసుకోవడం మొదలుపెట్టాను.

టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్టు, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లని నడిపే సంస్థ, కావాలంటే సొంత పోలీసు శాఖ పెట్టుకోవచ్చు. 300కు పైగా డిస్ట్రిక్టులు పెట్టుకున్నాయి. ఆ శాఖ చీఫ్ జవాబు చెప్పాల్సింది డిస్ట్రిక్టుని నడిపే సూపరింటెండెంట్‌కే. రెండో దారి, సిటీ పోలీసులతోనో కౌంటీ షెరిఫ్‌తోనో ఒప్పందం చేసుకుని వాళ్ల మనిషిని స్కూల్లో ఉంచడం. ఆయన్ని స్కూల్ రిసోర్స్ ఆఫీసర్, క్లుప్తంగా ఎస్‌ఆర్‌ఓ అంటారు. మూడోది తుపాకీతో పనిలేనిది. బెదిరింపు ఏదైనా బయటపడితే కౌన్సెలర్, ప్రిన్సిపల్, పోలీసు కలిసి కూర్చుని ఆ పిల్లాడి పరిస్థితి తేల్చే థ్రెట్ అసెస్‌మెంట్ టీమ్. టెక్సస్ 2019లో దీన్ని ప్రతి డిస్ట్రిక్టుకీ తప్పనిసరి చేసింది. కాగితం మీద అన్ని చోట్లా ఉంది. దానికి మనుషుల్నీ టైమునీ ఎంత ఇచ్చారన్నది మాత్రం ఊరికో తీరు.

మొదటి దానికి పెద్ద బలం, ఆ ఆఫీసర్లకి స్కూలే ప్రపంచం కావడం. ఏ బిల్డింగ్‌లో ఏ మెట్లు ఎటు వెళ్తాయో, ఏ పిల్లాడు ఏ అన్న వెనక తిరుగుతాడో ఏళ్ల తరబడి చూసి ఉంటారు. హ్యూస్టన్, డాలస్ లాంటి పెద్ద డిస్ట్రిక్టులు ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. వాటికి మంది, శిక్షణ, రాత్రి షిఫ్టు అన్నీ సొంతంగా చూసుకునే స్తోమత ఉంది.

ఉవాల్డేకి అది లేదు. సుమారు 4,000 మంది పిల్లలున్న డిస్ట్రిక్టు, చీఫ్‌తో కలిపి ఆరుగురు పోలీసులు. 2022 మే 24న రాబ్ ఎలిమెంటరీలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అన్ని శాఖల నుంచీ కలిపి 376 మంది ఆఫీసర్లు అక్కడికి చేరారు. అయినా హంతకుణ్ణి ఆపడానికి 77 నిమిషాలు పట్టింది. ఇలాంటి దాడి జరిగితే నాయకత్వం చీఫ్‌దేనని ఆ శాఖ సొంత ప్లాన్‌లోనే రాసుంది. తీరా ఆ రోజు కమాండర్ తానని చీఫ్ అనుకోలేదు. రేడియోలు బయటే వదిలేసి లోపలికి వెళ్లారు. ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ తరగతి గదుల్లోంచి పిల్లలు 911కి ఫోన్ చేస్తూనే ఉన్నారు.

అలాగని సొంత శాఖలన్నీ ఇంతే అనలేం. 2018 మేలో హ్యూస్టన్ దగ్గరి శాంటా ఫే హైస్కూల్లో డిస్ట్రిక్టు పోలీసులు నిమిషాల్లో కాల్పులకి ఎదురెళ్లారు. వాళ్లలో ఒకాయన చావు దాకా వెళ్లి బతికారు. అయినా 10 మంది ప్రాణాలు పోయాయి.

సిటీ లేదా షెరిఫ్ ఆఫీసర్ అయితే వెనక ఒక పెద్ద శాఖ ఉంటుంది. డిస్పాచ్ అదే, రేడియో అదే, శిక్షణ అదే. చిన్న డిస్ట్రిక్టుకి ఇదే నయం. చిక్కేమిటంటే, మనిషి బదిలీ అవుతూ ఉంటాడు. పిల్లలకి పేరు అలవాటయ్యేసరికి కొత్తాయన వస్తాడు. ఇక్కడా రెండు రకాలూ చూశాం. 2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడా పార్క్‌లాండ్‌లో 17 మంది చనిపోతుంటే స్కూల్లో డ్యూటీలో ఉన్న షెరిఫ్ డిప్యూటీ బిల్డింగ్ బయటే ఉండిపోయారు. 2024 సెప్టెంబర్ 4న జార్జియాలోని అపలాచీ హైస్కూల్లో టీచర్లు మెడలోని బ్యాడ్జి మీద అత్యవసర బటన్ నొక్కారు, ఎస్‌ఆర్‌ఓలు నిమిషాల్లో చేరుకున్నారు, పద్నాలుగేళ్ల కుర్రాడు లొంగిపోయాడు. అప్పటికే నలుగురు పోయారు. అంతకు ఏడాది ముందే, ఆన్‌లైన్ బెదిరింపుల మీద ఇంకో కౌంటీ డిప్యూటీలు ఆ కుర్రాణ్ణీ తండ్రినీ ప్రశ్నించి వదిలేశారు. కబురు ముందే అందింది, దాన్ని పట్టుకుని వెంట నడిచేవాళ్లు లేకపోయారు.

1980 నుంచి 2019 వరకు జరిగిన 133 స్కూల్ కాల్పుల మీద 2021లో ఒక అధ్యయనం వచ్చింది. సాయుధ గార్డు ఉన్న చోట్ల మరణాల రేటు 2.83 రెట్లు ఎక్కువగా కనిపించింది. గార్డు వల్లే చనిపోయారని దీన్నిబట్టి తేల్చలేం. కానీ చావడానికి సిద్ధపడి వచ్చేవాడు గేటు దగ్గర తుపాకీ చూసి వెనక్కి పోడు. అదే ఏడాది అమెరికా సీక్రెట్ సర్వీస్ 67 దాడుల పథకాలు ఎలా ఆగిపోయాయో పరిశీలించింది. వాటిలో ఎక్కువగా ముందు పసిగట్టింది తోటి పిల్లలే.

అందుకే నేను ఈ మూడింటినీ ఒకే కొలతతో చూస్తాను. నా పిల్లాడు నోరు విప్పి చెప్పేది ఎవరికి?

ఇది నాకు ఇంట్లోనే ఎదురైంది. మా పెద్దవాడు ఏడో తరగతిలో ఉండగా రెండు రోజులు సరిగ్గా తినలేదు. గుచ్చి గుచ్చి అడిగితే ఫోన్ చేతిలో పెట్టాడు. క్లాస్‌మేట్ స్నాప్‌చాట్‌లో రాసిన రెండు లైన్లు. "చెప్తే వాణ్ణి అరెస్ట్ చేస్తారు నాన్నా, వాడు నా ఫ్రెండ్" అన్నాడు. వాడి భయం ఉత్తది కాదు. టెక్సస్‌లో టెర్రరిస్టిక్ థ్రెట్ పెద్ద నేరమే, జోక్‌గా పెట్టానంటే పోయేది కాదు. వీసా మీదున్న కుటుంబమైతే ఆ టెన్షన్ ఇమ్మిగ్రేషన్ దాకా పాకుతుంది. నల్లజాతి కుటుంబాలకి ఈ భయం ఇంకా పాతది. 2015-16 లెక్కల్లో విద్యార్థుల్లో వాళ్ల పిల్లలు 15 శాతం, పోలీసుల దాకా వెళ్లినవాళ్లలో, అరెస్టయినవాళ్లలో 31 శాతం.

నోటి దురుసుతో అన్న మాటకీ నిజంగా వేసుకున్న పథకానికీ తేడా పట్టడమే థ్రెట్ అసెస్‌మెంట్ పని. వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతిని తీర్చిదిద్దారు. ఆ రాష్ట్రం 2013లోనే స్కూళ్లన్నిటికీ తప్పనిసరి చేసింది.

ఇది ఒక్కటీ చాలదని కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ చూపించింది. 2020లో అక్కడి బోర్డు స్కూళ్ల నుంచి పోలీసుల్ని తీసేయాలని నిర్ణయించింది. 2023 మార్చిలో ఈస్ట్ హైస్కూల్లో, రోజూ సోదా చేయాల్సిన ఒక విద్యార్థిని తడిమి చూస్తుండగా అతను ఇద్దరు స్కూల్ నిర్వాహకుల (డీన్‌ల) మీద కాల్పులు జరిపాడు. స్కూల్ సిబ్బంది చేత చేయించే పనా అది? పోలీసులు తిరిగొచ్చారు.

2023 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో ప్రతి క్యాంపస్‌లో ఒక సాయుధ మనిషి ఉండాలని చట్టం. అందుకు రాష్ట్రం మొదట ఇచ్చింది క్యాంపస్‌కి 15,000 డాలర్లు, విద్యార్థికి 10 డాలర్లు. అది ఏ మూలకీ చాలలేదు. మిగతాది డిస్ట్రిక్టు జేబులోంచే తీయాలి, అప్పుడు కోత పడేది కౌన్సెలర్ల మీదే అని నా భయం. నా ఓటు అడిగితే: సాయుధ మనిషి ఎలాగూ తప్పనిసరి కాబట్టి, చిన్న డిస్ట్రిక్టు సొంత శాఖ జోలికి పోకుండా సిటీతో గట్టి ఒప్పందం రాసుకోవాలి. ఒకే మనిషి కనీసం మూడేళ్లుండాలి, దాడి జరిగితే కమాండర్ ఎవరో పేరుతో సహా ఉండాలి, బిల్డింగ్ లోపల రేడియో పనిచేస్తుందో లేదో ఏటా చూడాలి. పెద్ద డిస్ట్రిక్టుకి సొంత శాఖ బాగానే నప్పుతుంది. కొత్తగా ఖర్చుపెట్టే మొదటి డాలర్ మాత్రం కౌన్సెలర్‌కి పోవాలి. 250 మంది పిల్లలకి ఒకరుండాలని కౌన్సెలర్ల జాతీయ సంఘమే చెబుతోంది.

మా వాడి సంగతి చెప్పలేదు కదూ. మర్నాడు పొద్దున కౌన్సెలర్ దగ్గరికి వెళ్దామంటే ఒప్పుకున్నాడు, ఆఫీసర్ దగ్గరికైతే రానన్నాడు. ఆవిడ తలుపు మూసి నలభై నిమిషాలు మాట్లాడింది. మధ్యాహ్నానికల్లా ఆ పిల్లాడి అమ్మానాన్నలు, స్కూల్ ఆఫీసర్, ఆవిడ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇంట్లో తుపాకీ ఉందా అన్నది వాళ్లు అడిగిన మొదటి ప్రశ్నట. లేదు. పిల్లాడు కొన్ని నెలలు వారానికి రెండుసార్లు ఆవిడ గదికి వెళ్లాడు. ఇప్పుడు ఇద్దరూ తొమ్మిదో తరగతి, ఒకే బస్సు.