శ్రీకాకుళం నుంచి హైదరాబాదుకు పార్ట్ లోడు పంపేవారు ఎల్.ఆర్. (లారీ రసీదు)లో ‘చార్జ్‌డ్ వెయిట్’ గడి ఖాళీగా వదలకండి

నిన్న సాయంత్రం 5,466 రూపాయలు అదనంగా కట్టి, అప్పటికే కిరాయి చెల్లించిన నా సొంత సరుకును హైదరాబాదు గోడౌన్ నుంచి విడిపించుకున్నాను. కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఈ వారంలోనే శ్రీకాకుళంలోని అదే ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగ్ చేయబోయేవారు ఉంటారు కనుక ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. ఆ ట్రాన్స్‌పోర్టు పేరు ఇక్కడ రాయడం లేదు. మన జిల్లాలో పార్ట్ లోడు (లారీ నిండా కాకుండా కొంత చోటుకు సరిపడే సరుకు) పంపే చిన్న వ్యాపారులలో చాలామంది ఏదో ఒక రోజు ఆ మెట్లు ఎక్కినవారే.

నేను సారవకోట మండలం బుడితిలో పనివారి దగ్గర ఇత్తడి, కంచు సామాను కొని బయటి ఊళ్ళ దుకాణాలకు పంపుతాను. ఈసారి సారె సామానుగా బిందెలు, గుండిగలు, చెంబులు కలిపి 18 అట్టపెట్టెలు పంపాను. సరుకు విలువ రెండున్నర లక్షలు, కాటా మీద బరువు 342 కిలోలు. కిలోకు 11 రూపాయల చొప్పున 3,762 రూపాయలు శుక్రవారం బుకింగ్ దగ్గరే కట్టేశాను. ఎల్.ఆర్. మీద ‘పెయిడ్’ అని ముద్ర వేశారు. డోర్ డెలివరీ సంగతి అడిగితే, బుకింగ్ గుమాస్తా “అందులోనే కలిసుందమ్మా, దుకాణం గుమ్మంలోకే దింపేస్తాం గదా” అన్నాడు. ఆ మాట కాగితం మీద రాయించుకోకపోవడం నా తప్పే.

ఇత్తడి సామాను సర్దినవారికి ఒక విషయం తెలుసు. బిందెలో బిందె దూర్చి పంపితే దారి కుదుపులకు అంచులు సొట్టపోతాయి. అందుకే ఒక్కొక్క దానికి కాగితం చుట్టి, మధ్యలో అట్ట పెట్టి విడివిడిగా సర్దుతాము. కాబట్టి పెట్టె ఎంత పెద్దదైనా లోపల సగానికి పైగా ఖాళీయే ఉంటుంది. రవాణా వారు బరువు బదులు పెట్టె పరిమాణాన్ని లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, వచ్చినదాన్ని వారు పెట్టుకున్న ఒక అంకెతో భాగిస్తారు. ఆ అంకె ఎంత చిన్నదైతే మన మీద పడే బరువు అంత పెరుగుతుంది. ఈ పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు, ఎందుకంటే దూది పంపినా ఇనుము పంపినా లారీలో ఆక్రమించే చోటుకు ఖరీదు ఉంటుంది. కానీ ఆ లెక్క వేస్తామని బుకింగ్‌కు ముందే చెప్పాలి. చెప్పి ఉంటే నేను పెట్టెల కొలతలు తగ్గించుకునేదాన్ని, లేదా దుకాణదారుతో మాట్లాడి కిరాయి ధరలో కలుపుకునేదాన్ని.

సోమవారం సరుకు హైదరాబాదు చేరింది. ఆ సంగతి నాకు గానీ, అక్కడి దుకాణదారుకు గానీ ఎవరూ చెప్పలేదు. గురువారం ఉదయం నేనే ఫోన్ చేస్తే, గోడౌన్ మేనేజర్ చదివిన లెక్క ఇది: ఒక్కొక్క పెట్టె 60, 60, 45 సెంటీమీటర్లు కనుక, 4500తో భాగిస్తే పెట్టెకు 36 కిలోలు, మొత్తం 648 కిలోలు. ఆ బరువుకు కిరాయి 7,128 రూపాయలు అవుతుంది కాబట్టి ఇంకా 3,366 కట్టాలట. డోర్ డెలివరీకి వేరుగా 1,200, మూడు రోజుల గోడౌన్ అద్దె 900. ‘పెయిడ్’ ముద్ర ఉంది కదా అని అడిగితే, ఆయన గొంతు కూడా మారకుండా ఇలా అన్నాడు: “సంతకం పెట్టేముందు చదువుకోవాలమ్మా. కడితే సరుకు వస్తుంది, లేదంటే ఇక్కడే ఉంటుంది, అద్దె నడుస్తుంది. మీ ఇష్టం.” నేను ఇంకా మాట్లాడుతూ ఉండగానే ఫోన్ పెట్టేశాడు.

నన్ను అంతకంటే ఎక్కువ బాధపెట్టింది ఆ తర్వాత వచ్చిన ఫొటో. ఎల్.ఆర్.లో ‘యాక్చువల్ వెయిట్’ (కాటా బరువు), ‘చార్జ్‌డ్ వెయిట్’ (కిరాయి లెక్కగట్టే బరువు) అని పక్కపక్కనే రెండు గడులు ఉంటాయి. నా దగ్గరున్న కాపీలో మొదటి గడిలో కార్బన్ అచ్చులో 342 అని ఉంది, రెండోది ఖాళీగా ఉంది. గోడౌన్ వారు పంపిన ఫొటోలో అదే నంబరు ఎల్.ఆర్. మీద, అదే రెండో గడిలో, నల్ల ఇంకు పెన్నుతో 648 అని రాసి ఉంది. మిగతా రాతంతా నీలం. నా సంతకం పైన, నాకు తెలియకుండా, నేను ఒప్పుకోని అంకె వేశారు. శ్రీకాకుళం బుకింగ్ ఆఫీసుకు ఆ రోజు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు.

జీఎస్టీ కింద సరుకు వెంట ఉండవలసిన ఈవే బిల్లు సంగతి కూడా ఇందులో చిక్కుకుంది. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు. మన దగ్గర నుంచి హైదరాబాదుకు ఏడు వందల పైచిలుకు కిలోమీటర్లు కనుక నాకు నాలుగు రోజులు వచ్చాయి, అవి మంగళవారం అర్ధరాత్రితో ముగిశాయి. గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిసిన ఎనిమిది గంటల తర్వాత వరకే పొడిగించుకోవచ్చు. గోడౌన్ వారు సోమవారమే ఒక్క ఫోన్ చేసి ఉంటే దుకాణదారు ఆటో పంపి తీసుకువెళ్ళేవాడు. గురువారం నాటికి ఆ దారి మూసుకుపోయింది, అవతల పెళ్ళివారు సారె సామాను కోసం దుకాణంలో కూర్చుని ఉన్నారు. కొత్త బిల్లు చేయించి, అడిగినంతా కట్టాను. ఈ సరుకు మీద నాకు మిగలవలసింది పదకొండు వేలు, అందులో సగం అలా పోయింది. పైగా రెండు గుండిగల అంచులు సొట్టపోయి చేరాయి.

సొట్టల సంగతి ఎత్తితే ‘ఓనర్స్ రిస్క్’ (నష్టం సరుకు యజమానిదే) అని ఎల్.ఆర్. వెనుక అచ్చు వేసిన వాక్యం చూపించారు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, బుకింగ్ సమయంలో సరుకు విలువను ప్రకటించి, అధిక బాధ్యతకు అదనపు కిరాయి కట్టకపోతే, నష్టపరిహారం కిరాయికి పది రెట్ల వరకే ఉంటుంది. అంటే రెండున్నర లక్షల సరుకు మొత్తం పోయినా నా కిరాయి మీద లెక్క 37,620 రూపాయలే. ఇన్నేళ్ళుగా సరుకు పంపుతూ ఈ సంగతి నిన్నటి దాకా తెలుసుకోకపోయినందుకు నా మీద నాకే కోపంగా ఉంది. దావాకు వెళ్ళాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది ఈరోజే స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ చేయించి పంపాను.

మీరు బుకింగ్ చేసేటప్పుడు రెండు గడులూ మీ ఎదురుగానే నింపించి, ఎల్.ఆర్.కు రెండు వైపులా ఫొటో తీసుకోండి. పరిమాణం లెక్క వేస్తారా, ఏ అంకెతో భాగిస్తారు, డెలివరీ ఇంటికా గోడౌన్‌కా అన్నవి వాట్సాప్‌లో రాతగా అడగండి. విలువైన సరుకైతే ట్రాన్సిట్ ఇన్సూరెన్సు విడిగా తీసుకోండి.

ఈ ఆఫీసులో గత కొన్ని నెలలలో బుక్ చేసినవారు ఉంటే, దయచేసి మీ కాపీని, డెలివరీ దగ్గర ఇచ్చిన కాపీని పక్కపక్కన పెట్టి ఆ గడి చూడండి. తేడా కనిపిస్తే నాకు రాయండి, నా ఫిర్యాదుతో పాటు మీ కాగితాలను కూడా జతచేస్తాను.