మన కూరల పక్కన జర్మన్ బీర్లు: క్రిస్మస్ సెలవుల్లో తాగి చూసిన రుచులు

జర్మనీలో క్రిస్మస్ అంటే షాపులన్నీ మూసేసే పండగ. డిసెంబరు 24 మధ్యాహ్నం షట్టర్లు దించితే మళ్లీ 27 దాకా ఎత్తరు. అందుకని మా ఎర్లాంగెన్‌లో సెలవులకి ముందే పాలు, కూరగాయలతో పాటు బీర్లు కూడా తెచ్చి బాల్కనీలో పెట్టేస్తాం. ఆ చలికి ఫ్రిజ్ అక్కర్లేదు. స్టుట్‌గార్ట్ నుంచి మా ఆవిడ వాళ్ల అన్నయ్య కుటుంబంతో వస్తారు, ఊళ్లో ఉన్న ఒకరిద్దరు ఫ్రెండ్స్ కలుస్తారు. ఏటా కొన్ని కొత్త సీసాలు, కొన్ని పాతవి పక్కపక్కన పెట్టి చిన్న గ్లాసుల్లో పంచుకుంటాం. ఇన్నేళ్లుగా తాగి చూశాక నాకు బాగా కుదిరిన అభిప్రాయం ఒకటే. బీరు కొనేటప్పుడు పేరు కంటే ముందు ఆ పూట వంటేమిటో చూసుకోవాలి. ఇక్కడివాళ్లు దేనితో ఏది బావుంటుందో చెప్పేది వాళ్ల సాసేజ్‌లనీ, ఉప్పు బిస్కెట్లనీ దృష్టిలో పెట్టుకుని. మన ఇళ్లలో గోంగూర మాంసం ఉంటుంది, మిరపకాయ బజ్జీలుంటాయి. ఆ సలహాలు ఇక్కడ పనిచేయవు.

యేఫర్ పిల్స్ సంగతే తీసుకోండి. పిల్స్ అంటే చేదు ఎక్కువుండే లేత రంగు బీరు. యేఫర్ ఉత్తర జర్మనీది, ఆల్కహాల్ 4.9 శాతం, చేదుకి పెట్టింది పేరు. ఒట్టిగా తాగితే నాకు చాలా ఇష్టం. తీపి దాదాపు ఉండదు, మింగాక కూడా హాప్స్ (బీరుకి చేదునిచ్చే పువ్వులు) చేదు నాలుక వెనక కాసేపు నిలుస్తుంది. అదే బీరు బజ్జీలతో తాగితే మంటే. చేదూ గ్యాసూ కలిసి కారాన్ని రెచ్చగొడతాయి. పిల్స్‌కి ఉప్పు వేరుశనగపప్పు, జంతికలు చాలు. మ్యూనిక్ ఆగస్టీనర్ హెల్లెస్ ఇంత పేచీ పెట్టదు. 1328 నుంచి ఉన్న బ్రూవరీ (బీరు తయారుచేసే చోటు) అది. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) తీపి కొంచెం ముందుకొస్తుంది, చేదు వెనక్కి తగ్గుతుంది. పులిహోరతో, చేగోడీలతో హాయిగా వెళ్లిపోతుంది. బీరు అలవాటు లేనివాళ్లు వస్తే నేను మొదట ఇచ్చేది ఇదే.

అసలు మన తిండికి సరైన జోడీ గోధుమ బీరు. దీన్ని ఇక్కడ వైస్‌బియర్ అంటారు, హెఫెవైట్సెన్ అనీ అంటారు. చట్టం ప్రకారం ఇందులో మాల్ట్ సగమైనా గోధుమదై ఉండాలి. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే అరటిపండు, లవంగం వాసన వస్తుంది. లోపల పండూ లేదు, లవంగమూ లేదు. అదంతా ఈస్ట్ పులిసేటప్పుడు పుట్టించేదే. చేదు తక్కువ, నోట్లో కాస్త చిక్కగా ఉంటుంది. అందుకే కారం మీద పడితే మంటను చల్లారుస్తుంది. కోడివేపుడుతో, మసాలా వడలతో, ఆఖరికి గోంగూర పులుపుతో కూడా తట్టుకుని నిలబడేది మేం తాగినవాటిలో ఇదొక్కటే. ఫ్రైజింగ్‌లోని వైహెన్‌స్టెఫానర్ మా ఇంట్లో అందరి ఓటూ తెచ్చుకుంది. 5.4 శాతం. 1040 నాటి మఠం నుంచి వస్తున్న బ్రూవరీ, ప్రపంచంలోకెల్లా పాతదని వాళ్లు చెప్పుకుంటారు. పాతదని కాదు గానీ, ఆ అరటిపండు వాసన అంత శుభ్రంగా నాకు ఇంకెక్కడా దొరకలేదు.

దీన్ని పొయ్యడంలో ఒక పద్ధతుంది. పొడుగు గ్లాసుని చన్నీళ్లతో తడిపి, బాగా వాల్చి, గోడ వెంట మెల్లగా పొయ్యాలి. సీసాలో రెండు వేళ్ల బీరు మిగలగానే ఆపి, సీసాని గుండ్రంగా తిప్పితే అడుగున పేరుకున్న ఈస్ట్ లేస్తుంది. అప్పుడు దాన్ని గ్లాసు మధ్యలో వొంపాలి. తేటగా ఉన్న బీరు మబ్బు పట్టినట్టు మారుతుంది, పైన నురగ మూడు వేళ్ల మందాన నిలుస్తుంది. వడ తిన్న పెదాలతో గుక్క వేస్తే, నూనె తగిలినచోట ఆ నురగ చిటపటమంటూ కుంగిపోవడం కంటికి కనిపిస్తుంది. నూనెకీ నురగకీ పడదు. అందుకే మా టేబుల్ మీద టిష్యూలు తప్పనిసరి, గ్లాసులకి జిడ్డు లేకుండా విడిగా కడగడం కూడా.

పొగ బీరు గురించి చెప్పకుండా మా ప్రాంతం బీర్ల మాట ముగియదు. ఎర్లాంగెన్ నుంచి రైలెక్కితే బాంబెర్గ్ దగ్గరే. అక్కడి ష్లెంకెర్లా బ్రూవరీలో మాల్ట్‌ని బీచ్ చెట్టు కట్టెల మంట మీద ఆరబెడతారు. ఒకప్పుడు బీర్లన్నిటికీ మాల్ట్ మంట మీదే ఆరేది కాబట్టి పొగ వాసన మామూలు విషయం. పొగ తగలని కొలుములు వచ్చాక లోకమంతా దాన్ని వదిలేసింది, బాంబెర్గ్ వదల్లేదు. మెర్ట్సెన్ అనే వాళ్ల పొగ బీరు 5.1 శాతం, ముదురు గోధుమ రంగు. సీసా మూత తీయగానే బావగారు వంటింటి వైపు చూసి, "బావా, ఎండుచేపలు కాలుస్తున్నారా?" అన్నారు. నిప్పుల మీద కాల్చిన ఎండుచేపల వాసనే, అనుమానం లేదు. మొదటి గుక్కకి చాలామంది మొహం చిట్లిస్తారు. గ్లాసు సగమయ్యేసరికి ముక్కు ఆ పొగకి అలవాటుపడి, కింద ఉన్న మాల్ట్ తీపి అప్పుడు తెలుస్తుంది. కాబట్టి ఒక్క గుక్కతో తీర్పు చెప్పొద్దు. మరీ భయమైతే అదే ఊళ్లోని ష్పెట్సియాల్ వాళ్ల పొగ బీరుతో మొదలుపెట్టండి, అందులో పొగ పల్చగా ఉంటుంది. బొగ్గుల మీద కాల్చిన చికెన్‌తో, గుత్తివంకాయతో నాకు ఈ పొగ బీరే కావాలి. సాంబారు, రసం, చింతపండు పులుపు ఎక్కువున్న ఏ కూరతోనూ వద్దు, రెండూ పాడవుతాయి. క్రిస్మస్‌కి ష్లెంకెర్లా వాళ్లే ఓక్ కట్టెలతో ఆరబెట్టిన మాల్ట్‌తో 8 శాతం డొప్పెల్‌బాక్ అనే ఘాటు బీరు తెస్తారు. దాని పొగ మెర్ట్సెన్ కంటే మెత్తన. సెలవుల్లో దొరికితే వదలకండి.

భోజనం అయ్యాక స్వీట్లతో తాగే బీరు అవెంటీనుస్. 1872లో రాజు దగ్గర గోధుమ బీరు కాచే హక్కు సంపాదించుకున్న ష్నైడర్ వాళ్లది. ఇది 1907 నుంచి ఉంది, 8.2 శాతం. ఎండుద్రాక్ష, బాగా పండిన అరటిపండు, కొంచెం లవంగం. ఇంటి నుంచి పార్సిల్‌లో వచ్చిన అరిసెలు పక్కన పెట్టుకుని తాగాం. బెల్లం పాకం రుచి, ఈ బీరు రుచి ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చినట్టు కలిశాయి. బొబ్బట్లతోనూ బావుంటుంది. అరలీటరు సీసా నలుగురికి చాలు. బాల్కనీలోంచి అరగంట ముందే లోపలికి తెచ్చుకోవాలి, మరీ చల్లగా ఉంటే ఈ వాసనలేవీ పైకి రావు.

వరస కూడా ముఖ్యమే. పల్చనివి ముందు, పొగవీ ఘాటువీ చివర. మధ్యలో మంచినీళ్లు, ఉత్త బ్రెడ్డు. రాత్రికి కారు నడిపేవాళ్లకి ఎర్డింగర్ ఆల్కహాల్ లేనిది పెడతాం, గోధుమ బీరే కాబట్టి వాళ్లకి వెలితి అనిపించదు. ఒకసారి సీసాలకి ఫాయిల్ చుట్టి, పేర్లు తెలియకుండా మామూలు పిల్స్‌లన్నీ తాగి చూశాం. సూపర్‌మార్కెట్ చవక పిల్స్‌కీ, టీవీ ప్రకటనల్లో కనిపించే పిల్స్‌కీ తేడా ఎవరూ చెప్పలేకపోయారు. అప్పట్నుంచీ ఆ ప్రకటనల డబ్బు మేం కట్టడం లేదు.

ఒక షాపులో కిటికీ పక్కన ఎండలో పెట్టిన ఆకుపచ్చ సీసాలు అంటగట్టారు. తెరిస్తే ముక్కు మూసుకోవాల్సిన కంపు. వెలుతురు తగిలితే హాప్స్ చెడి ఆ వాసన వస్తుంది, ఆకుపచ్చ గాజు దాన్ని సరిగ్గా ఆపదు. కొనేటప్పుడు గోధుమరంగు సీసా, అదీ షెల్ఫు వెనక వరసలోంచి తీసుకోండి. ఇరవై సీసాల క్రేట్ మీద 3 యూరోల 10 సెంట్లు డిపాజిట్ కడతాం, ఖాళీవి వెనక్కిస్తే మొత్తం తిరిగొస్తుంది.

ఈ సెలవులకి నా లిస్టు తేలిపోయింది: వైహెన్‌స్టెఫానర్ ఒక క్రేట్, ఆగస్టీనర్ అర క్రేట్, బాంబెర్గ్ వెళ్లి పొగ బీర్లు కొన్ని, అవెంటీనుస్ మనిషికొకటి కాకుండా ఇంటికి రెండు. యేఫర్ మాత్రం బజ్జీలు లేని రోజుకి.