మూడేళ్లు వాడాక: మా అమ్మాయి తొలి రైఫిల్, దానిలో ఒక రబ్బరు రింగు

వేట రైఫిలా అని అడిగేవాళ్లకి ముందే చెప్తున్నా, వన్యప్రాణి చట్టం ఉండగా మన దగ్గర వేట ఊసే లేదు. ఇది డాబా మీద 10 మీటర్ల దూరంలో కాగితాన్ని కొట్టే 0.177 అంగుళాల పెల్లెట్లు (చిన్న సీసం గుళ్లు) వాడే స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్. బారెల్ వంచితే లోపల స్ప్రింగ్ బిగుస్తుంది, ట్రిగ్గర్ నొక్కితే అది పిస్టన్‌ని తోసి, ఆ గాలితో పెల్లెట్‌ని బయటికి కొడుతుంది. పక్కింటి అంకుల్ పావురాల్ని కొట్టిపెట్టమని ఇప్పటికి మూడుసార్లు అడిగారు. కొట్టం.

దీని మీద నా కోపమంతా బారెల్ వంచే చోట గాలి బయటికి పోకుండా ఆపే చిన్న రబ్బరు రింగు మీదే. పోయినేడు పరీక్షలని మార్చి నుంచి జూన్ దాకా పెట్టెలో పెట్టి అటకెక్కించాం, విజయవాడ ఎండల్లో అటక సంగతి చెప్పక్కర్లేదు. దించాక తుప్పు పట్టకూడదని నేను పెద్ద తెలివిగా గాలి వచ్చే రంధ్రంలో కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వేశా. మొదటి షాట్‌కి ఢామ్మని మోత, కాస్త పొగ, మాడు వాసన. పవర్ పెరిగిందని మురిసిపోయా! పిస్టన్ నొక్కినప్పుడు గాలి వేడెక్కి నూనె అంటుకుంటుందని తర్వాతగానీ తెలియలేదు.

అక్కణ్నుంచి పెల్లెట్లు రోజురోజుకీ కిందికి దిగి, నల్ల వలయం దాటి తెల్ల కాగితంలో పడటం మొదలైంది. స్ప్రింగ్ గన్‌కి ముందుకీ వెనక్కీ కుదుపు ఉంటుంది కాబట్టి పట్టు కొంచెం మారినా గురి తప్పుతుంది, ఆ ముక్క నాకు తెలిసి ఉండటమే పిల్లదాని ఖర్మ. గట్టిగా పట్టుకోకు, భుజం బిగించకు అని రోజూ సాయంత్రం ఒకటే గోల. "నాన్నా, కాల్చినప్పుడల్లా మొహం మీద గాలి కొడుతోంది" అని రెండుసార్లు చెప్పింది కూడా. ఫ్యాన్ గాలిలే అన్నా. డాబా మీద ఫ్యానేంటండీ అని వాళ్లమ్మ నవ్వింది.

చివరికి నేను కాల్చినా కిందికే పడ్డాయి. టిష్యూ ముక్క ఆ కీలు మీద పెట్టి కాలిస్తే ఎగిరిపోయింది. రింగుని పిన్నుతో తీసి చూస్తే గట్టిపడి, ఒకచోట చీలి ఉంది, నా నూనె మంటకో అటక వేడికో మరి. అమ్మినతను పార్టుకి నెల పడుతుందన్నాడు. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ హోస్‌లు అమ్మే కొట్లో చూపిస్తే, "ఏ జాక్‌ది సార్?" అని సైజు కొలిచి నాలుగు చేతిలో పెట్టాడు, 40 రూపాయలు. ఆ సాయంత్రమే పెల్లెట్లు మళ్లీ నలుపులోకి వచ్చాయి. అమ్మాయి ఏమీ అనలేదు, నా వైపు చూసిందంతే.

కొన్న కొత్తలో సిలిండర్ లేదు, పంపు లేదు, పిల్లలకి ఇదే మేలని అందరికీ చెప్పా. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. 12 ఏళ్ల పిల్లకి బారెల్ వంచడం కష్టమే, మొదటి ఏడాదంతా నేనే వంచి ఇచ్చా, ముప్ఫై షాట్లకి నా చెయ్యే లాగేది. కొనేముందు పిల్లల చేతే పదిసార్లు వంపించి చూడండి. మాలా సొంత డాబా, వెనక గోడ, దాని ముందు చెక్కపలక, పాతబట్టలు కూరిన గోనెసంచి పెట్టుకునే వీలుంటే సరదాకి సరిపోతుంది. పోటీలంటే పీసీపీ (సిలిండర్‌లో ముందే గాలి నింపుకునే రైఫిల్) కావాలి, మా అమ్మాయి ఇప్పుడు అదే అడుగుతోంది, టెన్త్ అయ్యాక చూద్దామన్నా. మిగిలిన మూడు రింగులు కుట్టుమిషన్ సొరుగులో ఉన్నాయి, నూనె డబ్బా మాత్రం వాళ్లమ్మ దాచేసింది.